నేరేడు గింజయు మధుమేహమును: వలసల వెంట నడచిన యొక మందు కథ

తెలుగువారు తమ నేల విడిచి పోయిన తావులలో భాష క్రొత్తది, పొరుగు క్రొత్తది, పలుచోట్ల రాజును క్రొత్తవాడే. నేరేడు చెట్టు మాత్రము పాతదే. బెంగుళూరు, కోలారు ప్రాంతముల స్థిరపడినవారికి అది నేరళె. మధుర, తిరునెల్వేలి సీమల నల్లరేగడి భూములలో సేద్యము పెట్టుకొనినవారికి నావల్. షోలాపూరు మగ్గముల యొద్దకును బొంబాయి కామాఠిపురమునకును పోయినవారికి జాంభూళ్. బరంపురము, పర్లాకిమిడి వాసులకు జాముకోళి. యానామునందు చుట్టుప్రక్కలంతయు తెలుగే గనుక నేరేడు నేరేడుగనే నిలిచినది. కాని ఆ ప్రాంతపు కోరంగి రేవున ఓడలెక్కి మారిషసు ద్వీపమునకు కూలికి పోయినవారు అచ్చటి క్రియోలు నోట అదే పండును జాంబ్లోన్ అని వినిరి. పేరేదైనను, జ్యేష్ఠాషాఢములలో గంపలకెత్తి అమ్మకమునకు వచ్చు ఆ నల్లని పండు తినిన పిమ్మట గింజలను పారవేయక, కడిగి, నీడన ఆరబెట్టి, దంచి దాచుకొను వాడుక ఈ తావులన్నిటను కనబడును. ఎందులకని యడిగినచో ఇంటి పెద్దలు చెప్పు సమాధాన మొక్కటే: చక్కెర వ్యాధికి.

ఈ సమాధానము చరకుని నాటిదని సామాన్యముగా నమ్ముదురు. అందు కొంత నిజము, కొంత పొరపాటు కలదు. నేరేడు వైద్యమున ప్రవేశించుట మిక్కిలి ప్రాచీనము. నేరేటి గింజ చక్కెరకు మందని లోకమంతట పేరుపొందుట అంత ప్రాచీనము కాదు. ఆ ప్రసిద్ధి బలపడినది 19వ శతాబ్ది చివర. ఈ రెంటికిని నడుమ జరిగిన కథలో తెలుగు వైద్యులు, అరవ వైద్యులు, హకీములు, ఆంగ్లేయ డాక్టర్లు ఒక్కచోట కలిసిన మదరాసు రాజధానికి పెద్ద పాలు కలదు. ప్రవాసాంధ్రుల వైద్యచరిత్ర వ్రాయబూనువారు ఈ భేదమును గుర్తింపక పోయినచో పాత గ్రంథములు చెప్పని మాటను వాని నోట పెట్టినవారగుదురు.

మొదట వ్యాధి పేరులనే చూడవచ్చును. తమిళమున దీనిని నీరిళివు అందురు. నీరు జారిపోవుట యని దాని భావము. ఒడియా వారు బహుమూత్ర మందురు. తెలుగున అతిమూత్ర మను మాట పాత పుస్తకములలో విరివిగా కనబడును. ఇవి యన్నియు మూత్రముయొక్క పరిమాణమును బట్టి పుట్టిన పేరులు. మధుమేహ మను సంస్కృత పదము, సిహిమూత్ర మను కన్నడపు మాట, చక్కెర వ్యాధి యను నేటి తెలుగు మాట మాధుర్యమును బట్టి పుట్టినవి. మన పూర్వులకు ఈ రెండు లక్షణములును తెలియును. మూత్రమునకు చీమలు పట్టుటను ప్రాచీన వైద్యులు కనిపెట్టి యుండిరి. ఐరోపాలో మూత్రపు తీపిని విల్లిస్ అను ఆంగ్లేయ వైద్యుడు 1674లో వ్రాసెను. ఆ తీపి చక్కెరయే యని లివర్‌పూల్ నగర వైద్యుడు డాబ్సన్ 1776లో చూపెను. కాని ఒక మందు దేనిని అణచుటకు ఈయబడుచున్నది, నీటినా తీపినా, అను ప్రశ్న ఈ వ్యాసమున ముఖ్యమైనది.

చరకసంహిత సూత్రస్థానము నాలుగవ యధ్యాయమున ఔషధములు పదేసిగా వర్గములు చేయబడినవి. అందు మూత్రసంగ్రహణీయ మను వర్గమున, అనగా అధికముగా పోవు మూత్రమును నిలుపు వాని నడుమ, మొట్టమొదటి పేరు జంబువు. తరువాత మామిడి, జువ్వి, మఱ్ఱి, మేడి, రావి, జీడి మొదలగునవి వచ్చును. చూడగానే తెలియును, ఇవి యించుమించుగా అన్నియు వగరు చెట్లు. వగరు ద్రవమును బిగబట్టు నని ఆయుర్వేద సిద్ధాంతము. అందుచేతనే జంబువు అదే యధ్యాయమున వాంతిని నిలుపు వర్గమునను, మలమునకు సహజవర్ణము నిచ్చు వర్గమునను గూడ చోటు సంపాదించినది. కడుపు జారినప్పుడు నేరేటి చెక్క కషాయ మిచ్చు పల్లెటూరి వైద్యమునకు మూల మిదియే. పదింటిలో నేరేటి యే యంగము వాడవలెనో, పట్టయో, ఆకో, గింజయో, ఆ పట్టికలో చెప్పబడలేదు. చక్కెర మాట అంతకంటె లేదు.

ఇచ్చట నొక చిక్కు కలదు. అది సాధారణముగా ఎవరును ఎత్తిచూపనిది. అదే చరకుడు ఇరువదియైదవ యధ్యాయమున ఆయా గుణములలో అగ్రగణ్యములైన వస్తువులను లెక్కించుచు, వాతమును పుట్టించు వానిలో నేరేటి పండు మొదటిదని చెప్పెను. ప్రమేహములు ఇరువది. అందు పది కఫజములు, ఆరు పిత్తజములు, నాలుగు వాతజములు. కఫజములు సాధ్యములు, పిత్తజములు యాప్యములు, అనగా అణచిపెట్టుకొని కాలము గడపదగినవి, వాతజములు అసాధ్యములు. మధుమేహము వాతజములలోనిది. కావున శాస్త్రము చదివిన వైద్యుడు చిక్కి శల్యమైన మధుమేహ రోగికి నేరేటి పండును యథేచ్ఛగా పెట్టజాలడు. పెట్టినచో తన శాస్త్రమునకే విరుద్ధముగా నడచినవాడగును. స్థూలకాయుడై, కఫము ప్రబలియున్న తొలిదశ రోగికి వగరు మందులు, యవాన్నము, వ్యాయామము చెప్పుట సహజము. వ్యాయామ విషయమున సుశ్రుతుని మాట మిక్కిలి ఘాటైనది: నూరు యోజనములు నడువవలెను, ఆవుల మందల వెంట తిరుగవలెను, నుయ్యి త్రవ్వవలెను అని యతడు చికిత్స చెప్పెను. నేటి వైద్యులు ఉదయపు నడక చెప్పినప్పుడు విసుగుకొనువారు ఈ నూతి మాట వినినచో కొంత ఊరట చెందుదురు.

11వ శతాబ్దివాడైన చక్రపాణిదత్తుని చికిత్సాగ్రంథమున ప్రమేహమునకు న్యగ్రోధాది చూర్ణము చెప్పబడినది. మఱ్ఱి, మేడి, రావి, మామిడి మొదలగు వాని సరసన జంబువు అందును కలదు. ఒక్క నేరేటినే నమ్ముకొను పద్ధతి ప్రాచీనులది కాదు. ఇదియు గమనింపదగినదే, నేడు మన యిండ్లలో కనబడు ఒంటి గింజపొడి వాడుక ఆ సంప్రదాయమునకు నేరుగా వారసత్వము కాదు.

తెలుగు వైద్యులకు ఈ శాస్త్రము చేరిన తెరువులలో ముఖ్యమైనవి బసవరాజీయము, వైద్యచింతామణి. బసవరాజు రచించిన గ్రంథము ఇరువదియైదు ప్రకరణములది; సంస్కృత శ్లోకముల నడుమ తెలుగు మాటలు చోటుచేసుకొనుట దాని విశేషము. ఇంద్రకంటి వల్లభాచార్యుల వైద్యచింతామణి మదరాసు వావిళ్లవారి ముద్రణమున తెలుగు తాత్పర్యముతో నూళ్ళకు చేరినది. వస్తుగుణదీపిక వంటి తెలుగు నిఘంటువులు ఒక్కొక్క చెట్టు గుణమును విడివిడిగా చెప్పి, సంస్కృతము రానివారికి గూడ వైద్యపు తలుపు తెరచినవి. వలసపోయిన కుటుంబములలో వైద్యము కులవృత్తిగ నడపిన యిండ్లు తాళపత్రములను పెట్టెలలో వెంట గొనిపోయినవి. తంజావూరు సరస్వతీమహలునందును మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకాగారమునందును నేటికిని తెలుగు లిపిలోనున్న వైద్యగ్రంథములు భద్రముగ నున్నవి.

16వ శతాబ్దిలో మధుర నాయకరాజ్య మేర్పడిన నాటినుండి 1736లో అది ముగియువరకు తెలుగు కుటుంబములు దక్షిణమునకు పోవుట సాగుచునే యుండెను. ఆ వలసలు ముఖ్యముగా సేనలవి, సేద్యగాండ్రవి. మెట్టనేలలో ఊరు కట్టవలెనన్నచో మొదట నుయ్యి పడవలెను. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహిత ఉదకార్గళాధ్యాయమున, నేరేటి చెట్టునకు తూర్పున దగ్గర పుట్ట యున్నచో దక్షిణ దిశను రెండు నిలువుల లోతున తీయని నీరు పడునని చెప్పెను. నేరేడు వాగుల వెంటను చెరువు గట్లపైనను పెరుగునని ప్రతి రైతునకును తెలిసినదే గనుక ఈ మాట వట్టి జ్యోతిషము గాదు. తిరుచిరాపల్లి చెంత జంబుకేశ్వరమున పంచభూత లింగములలో జలలింగము వెలసియున్నది. అచ్చటి స్థలవృక్షము తెల్లనావల్. నీటి లింగమునకు నేరేటి నీడ కుదిరినది. నాయకరాజుల రాజధానిగ తిరుచిరాపల్లి యున్న కాలమున తెలుగు పాళెగాండ్రును, దండు వారును ఆ గుడి ముంగిట నడచినవారే.

తమిళ దేశమునందు ఆ తెలుగు వైద్యులకు ఎదురుపడినది సిద్ధవైద్యము. సిద్ధవైద్యులు నీరిళివునకు ఇచ్చు ప్రసిద్ధమైన కషాయము ఆవారై కుడినీర్. పేరు క్రొత్తగ తోచినను అందలి సరకులు తెలుగువానికి పెరటి చెట్లే: ఆవారై యనగా తంగేడు, కొన్ఱై యనగా రేల, మరుదము మద్ది, కోరైక్కిళంగు తుంగముస్త, కోష్ఠము చెంగల్వకోష్టు, నావల్ మన నేరేడు. ఏడవది కడలళింజిల్, ఏకనాయక మనియు దానినే యందురు. ఇందును నేరేడు ఏడింటిలో నొకటి, ఒంటిది కాదు. తంజావూరును 1798 నుండి 1832 వరకు పాలించిన శరభోజి కాలమున ధన్వంతరి మహలు నడచెను. అచ్చటి అనుభవములనుండి వెలసిన శరభేంద్ర వైద్యముఱై సంపుటములలో నీరిళివున కొక సంపుటము ప్రత్యేకముగ కలదు. మరాఠీ రాజు కొలువున తమిళ పద్యములలో కూర్చబడిన వైద్యము, తెలుగు నాయకుల నాటినుండి వచ్చిన పుస్తకశాలలో నిలువ యుండుట ఆ నగరపు తీరు. వైద్యమునకు భాషా సరిహద్దులు పెట్టుట ఆ కాలపువారి కలవాటు లేదు.

ఇక ఆంగ్లేయుల కాలము. రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుడు 1781 మొదలు 1793 వరకు యానామునకు కూతవేటు దూరమున నున్న సామర్లకోటయందు తోట వేసి కోరమాండలు తీరపు మొక్కలను పరిశీలించెను. ఉత్తర సర్కారుల కమీషనరుగా పనిచేసిన వాల్టరు ఇల్లియటు 1859లో ఫ్లోరా ఆంధ్రికా అను పేర తెలుగు జిల్లాల మొక్కల పేరులను తెలుగును మొదలు పెట్టుకొనియే పట్టికవేసి మదరాసున ప్రకటించెను. మదరాసు తిరువళ్ళిక్కేణి వైద్యుడు మొహిదీన్ షరీఫు 1869లో ప్రచురించిన భారత ఔషధకోశ పరిశిష్టము ఒక్కొక్క మందునకు తెలుగు, తమిళము, కన్నడము, హిందూస్థానీ మొదలగు అనేక భాషల పేరులను ప్రక్కప్రక్కన కూర్చినది. ఈ పట్టికల విలువ నేడు తక్కువగ తోచవచ్చును. కాని ఆనాడు నావల్, నేరళె, నేరేడు, జామున్ అనునవి యన్నియు ఒక్క చెట్టే యని సర్కారు ఆసుపత్రి డాక్టరు నిశ్చయముగ తెలిసికొనినది వీనివలననే. శాస్త్రనామముల చిక్కు వేరొకటి. లిన్నేయసు 1753లో మిర్టస్ కుమిని యనెను. లామార్కు 1789లో యూజీనియా జాంబొలానా యనెను. 1912లో స్కీల్సు స్థిరపరచిన సైజీజియమ్ కుమిని యను పేరు నేడు చెల్లుచున్నది. పాత వైద్యపుస్తకములలో కనబడు యూజీనియా మన నేరేడే.

1883లో నేరేటి గింజలు మధుమేహమున పనిచేయునను వార్త ఇంగ్లండు వైద్యపత్రికల కెక్కెను. అచ్చటినుండి కథ వేగము పుంజుకొనినది. 1889లో జర్మనీయందు గ్రేసరు అను వైద్యుడు కుక్కలకు ఫ్లోరిజిను ఇచ్చి వాని మూత్రమున చక్కెర పుట్టించి, పిమ్మట నేరేటి సారము నిచ్చి ఆ చక్కెర తగ్గుట చూచెను. 1890–93 నడుమ వెలువడిన ఫార్మకోగ్రాఫియా ఇండికా యను గ్రంథము ఈ ప్రయోగములను పేర్కొనినది. దాని కర్తలు మువ్వురిలో డైమకు బొంబాయివాడు, వార్డెను కలకత్తావాడు, హూపరు ఉదకమండలమువాడు. నేరేటి గింజకు ప్రపంచ ప్రఖ్యాతి వచ్చినది ఇట్లు. హోమియోపతి వైద్యులు సైజీజియమ్ జాంబొలానమ్ అను పేర దానిని తమ మందుల పట్టికలో చేర్చుకొనిరి. ఊరి చెరువుగట్టు చెట్టు సముద్రము దాటి, లాటిను పేరు ధరించి, చిన్న సీసాలో మరల ఊరికి వచ్చి చేరినది.

గ్రేసరు ప్రయోగమును కొంచెము నిలిచి చూడవలసియున్నది. ఫ్లోరిజిను ఆపిలు మొదలగు చెట్ల వేరు పట్టనుండి తీసిన పదార్థము. అది మూత్రపిండములచే చక్కెరను వెలికి పంపించును. నెత్తుటిలోని చక్కెరను పెంచదు. అనగా ఆ కుక్కలకు కలిగినది నిజమైన మధుమేహము కాదు. నిజమైనదానికి క్లోమము, అనగా ప్యాంక్రియాసు, మూలమని అదే 1889లో స్ట్రాస్‌బర్గునందు ఫాన్ మేరింగు, మింకోవ్స్కీ అనువారు కుక్క క్లోమమును తొలగించి చూపిరి. చిన్న నెత్తుటిబొట్టులో చక్కెరను కొలుచు పద్ధతులు 20వ శతాబ్ది రెండవ దశకమునకు గాని సిద్ధింపలేదు. అంతవరకు వైద్యుడు కొలుచుచుండినది మూత్రమునే. మూత్రమును తగ్గించు వగరు మందు, మూత్రములోని చక్కెరను గూడ తగ్గించినట్లు కనబడుట కవకాశము మెండు. మూత్రసంగ్రహణీయ మను పాత బిరుదు, చక్కెరహర మను క్రొత్త బిరుదుగ మారుటకు ఈ కొలతయే వంతెన యైనదని తోచుచున్నది. మరియొక చమత్కారము: రోగమును నటింపజేయుటకు వాడిన ఆ ఫ్లోరిజినునే ఆదర్శముగ గొని 21వ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు మూత్రము ద్వారా చక్కెరను వెడలించు మాత్రలను తయారుచేసిరి. అవి నేడు మధుమేహమునకు విరివిగ వాడబడుచున్నవి. పరీక్షకు సాధనముగ తెచ్చినది మందైనది. మందని తెచ్చినది ఇంకను పరీక్షలోనే యున్నది.

1921 మదరాసు వైద్యచరిత్రలోను ప్రపంచ వైద్యచరిత్రలోను ముఖ్యమైన యేడు. కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వెలికితీసిన దప్పుడే. 1922 జనవరిలో ఒక పదునాలుగేండ్ల బాలుడు దానివలన బ్రతికెను. అదే 1921లో మదరాసు ప్రభుత్వము దేశీయ వైద్యములను విచారించుటకు మహమ్మదు ఉస్మాను అధ్యక్షతన సంఘమును నియమించెను. 1923లో వెలువడిన దాని నివేదిక సంస్కృతము, తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము, ఒడియా, ఉరుదూ మొదలగు భాషలలో వైద్యులు పంపిన వాఙ్మూలములను ఆయా లిపులలోనే అచ్చువేసినది. గంజాము అప్పటికి మదరాసు రాజధానిలోనిదే గనుక ఒడియా వైద్యులును అందు చేరిరి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడిన పిమ్మట బరంపురపు తెలుగువారు వేరు రాష్ట్రవాసులైరి. బళ్ళారి 1953లో మైసూరునకు పోయెను. ప్రవాసాంధ్రులని నేడు పిలువబడువారిలో అనేకులు ఇల్లు కదలక, సరిహద్దు కదలుటచే ప్రవాసులైనవారు. వారి తాతల వైద్యము ఉస్మాను నివేదికలో మదరాసు రాజధాని వైద్యముగనే నమోదైయున్నది. దాని ఫలితముగ 1925లో మదరాసున భారతీయ వైద్య పాఠశాల వెలసినది.

ఆ కాలపు మదరాసున తెలుగు ఆయుర్వేదమునకు పెద్దదిక్కుగ నుండినవారు ఇరువురు. బందరునుండి వచ్చి ఆయుర్వేదాశ్రమమును స్థాపించిన పండిత దీవి గోపాలాచార్యులు మొదటివారు. వారి శిష్యులు ఆచంట లక్ష్మీపతి రెండవవారు. లక్ష్మీపతి పాశ్చాత్య వైద్యమున పట్టము పొందిన పిమ్మట ఆయుర్వేదము నేర్చి, ఆయుర్వేద కళాశాల నడపి, తెలుగున ఆయుర్వేదశిక్షా గ్రంథములు వ్రాసిరి. రెండు శాస్త్రములు తెలిసినవారు పాత మందును క్రొత్త కొలతతో కొలువవలెనని యెంచుట ఈ తరముతో మొదలైనది.

ఆ కొలత ఫలితము లెట్లున్నవి? కుందేళ్ళపైనను ఎలుకలపైనను గింజల సారము రక్తమందలి చక్కెరను తగ్గించినట్లు మన దేశపు ప్రయోగశాలలు అనేక పర్యాయములు ప్రకటించినవి. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి రూపొందించిన ఆయుష్–82 అను యోగమున నేరేటి గింజ, మామిడి జీడి, కాకర గింజ, పొడపత్రి కలవు. ఇచ్చటను నేరేడు ఒంటిది కాదని గుర్తింపవలెను. మనుష్యులపై కట్టుదిట్టముగ జరిగిన పరీక్షలు మాత్రము తక్కువ. బ్రెజిలు దేశమున నేరేటి ఆకుల కషాయము జనులలో మిక్కిలి వాడుకయందుండుటచే పోర్టో అలెగ్రె నగర పరిశోధకులు దానిని పరీక్షించి 2004లో ఫలితము ప్రకటించిరి: రెండవ తరహా మధుమేహ రోగులలో ఆకు కషాయమునకు చక్కెరను తగ్గించు గుణము కనబడలేదు. ఆకునకు వచ్చిన తీర్పు గింజకు చెల్లదు. కాని గింజకు అనుకూలమైన తీర్పు ఎలుకలపై వచ్చినదే గాని మనుష్యులపై ఇంకను స్థిరముగ రాలేదు.

పండు మాట వేరు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారము 100 గ్రాముల నేరేటి పండులో 14 గ్రాముల పిండిపదార్థములు కలవు. ఇది మామిడికంటె కొంత తక్కువయే గాని శూన్యము గాదు. షుగరు రోగి నేరేడు ఎంతయైనను తినవచ్చునను నమ్మకమునకు, కడుపులో పడిన వెంట్రుకలను నేరేటి పండు కరగించునను నమ్మకమునకు ఎంత ఆధారము కలదో అంతయే కలదు.

ఈ వివేచనము కేవలము పండితుల ముచ్చట గాదు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి గణన ప్రకారము దేశమున 10 కోట్లకు పైబడి మధుమేహ రోగులు కలరు. వయోజనులలో నూటికి 11.4 మంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున నూటికి 26.3, యానాము ఆ ప్రాంతములోనిదే. తమిళనాట 14.4. ఇంతమంది రోగులున్న చోట, మా తాతగారి పొడి యుండగా సూది యెందులకు అను మాట ప్రాణాంతకము కాగలదు. ఇన్సులిను తప్ప వేరు దారి లేని పిల్లల విషయమున మరియును. తాతగారే యుండినచో ఆ మాట అని యుండరు. వారి శాస్త్రమునందు ప్రమేహము లిరువది, రోగులు స్థూలులు కృశులని ఇరు తెగలు, పుట్టుకతో వచ్చినది వేరు, తిండివలన వచ్చినది వేరు. అన్నిటికిని ఒక్క పొడి యని చెప్పిన వైద్యుని ఆ శాస్త్ర మెరుగదు. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చిన ప్రమేహమును వేరుచేసి చెప్పుట అత్యంత సూక్ష్మదృష్టి. డాక్టరు మాత్రలతోపాటు గింజపొడియు చేర్చుకొనువారు ఆ సంగతి డాక్టరునకు చెప్పవలసియుండును. రెండును గలిసి చక్కెర మితిమీరి పడిపోవు నపాయము కలదు.

ఐనను గింజను త్రోసివేయుటకు తొందర యక్కరలేదు. వగరు పదార్థములు, ఎల్లాజికామ్లము, గాలికామ్లము మొదలగునవి అందున్నట్లు రసాయనజ్ఞులు తేల్చిరి. చూడవలసిన చోట ఇంకను ఎవరును చూడలేదేమో. ఆ చోటు ప్రయోగశాల యొక్కటియే కాదు, వలసకుటుంబముల పెట్టెలు గూడ. తమిళనాట అనేక తెలుగు కుటుంబములు ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము చదువుకొనుచున్నవి. షోలాపూరున మరాఠీ, బెంగుళూరున కన్నడము, బరంపురమున ఒడియా ఆ స్థానమున నున్నవి. మాట నిలిచినది, లిపి జారిపోయినది. తాత వ్రాసిన తాళపత్రమును మనుమడు పూజాగృహమున పెట్టి పసుపుకుంకుమలు పూయుచున్నాడు, చదువలేకున్నాడు. పసుపు తడికి ఆకు చివుకును.

అట్టి పత్రములలో మేహాధికారము కనబడినప్పుడు పరిశీలింపవలసిన అంశములు స్పష్టముగనే యున్నవి. వైద్యుడు వాడినది నేరేటి పట్టయా, గింజయా? ఒంటిగ వాడెనా, తంగేడు మద్దులతో కలిపియా? అనుపానము మజ్జిగయా, తేనెయా? లావుపాటి రోగికి చెప్పినదేదో, చిక్కిన రోగికి చెప్పినదేదో వేరు పరచెనా? గింజ ఒంటిగ 1883కు పూర్వపు తాళపత్రమున మధుమేహమునకు కనబడినచో, పైన చెప్పిన కథలో కొంత భాగము తిరిగి వ్రాయవలసివచ్చును.